‘పాయింట్ వన్’ అంటే వూఫర్ కాదు

మా బావ పోయిన సంక్రాంతికి కొత్త హోమ్ థియేటర్ పెట్టించుకున్నారు. రిసీవర్ (అన్ని స్పీకర్లకీ శబ్దాన్ని పంచి పంపే పెట్టె), ఐదు స్పీకర్లు, లోతు శబ్దం కోసం పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్. వారం తిరక్కుండా ఫోన్. "ఒరేయ్, సినిమా పెడితే ఇల్లు ఊగిపోతోంది, పాటలు పెడితే మాత్రం వూఫర్ చచ్చినట్టు పడుంటోంది. కొత్తదానికే ఇలా అయితే ఎలా, మార్చమని గొడవ పెట్టనా?" అని. వూఫర్‌కి ఏ రోగమూ లేదు, రిసీవర్ మెనూలో ముందున్న రెండు స్పీకర్లకీ ‘లార్జ్’ అని పెట్టి ఉంది, అంతే. ఆ ముక్క చెప్పి ఫోన్ పెట్టేద్దామనుకున్నాను గానీ ఆయన వదల్లేదు. "ఫైవ్ పాయింట్ వన్ అంటే ఐదు స్పీకర్లూ ఒక వూఫరూ కదా? పాటకి ముందు రెండూ మోగుతుంటే ఆ ఒకటికి ఏమొచ్చింది?"

న్యాయమైన ప్రశ్నే. దానికి సరైన జవాబు చెప్పాలంటే చాలా దూరం వెళ్ళాలి, ఆ రోజు ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ అంకె సంగతి. షాపులో చెప్పేదీ, అట్టపెట్టె మీద బొమ్మ చూపించేదీ ఒకటే: ఐదు చిన్న పెట్టెలు, ఒక పెద్ద పెట్టె, అదే 5.1. కానీ ఈ అంకె ఇంట్లో పెట్టెల లెక్క కాదు. సినిమా శబ్దాన్ని ఎన్ని విడి దారుల్లో, అంటే ఎన్ని ఛానెళ్ళలో, రికార్డు చేసి ఇచ్చారన్న లెక్క. ముందు ఎడమ, మధ్య, కుడి, తర్వాత మనకి పక్కనో వెనకో ఉండే ఎడమ, కుడి. ఇవి ఐదూ మనిషి చెవికి వినబడే మొత్తం శ్రేణిని, సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, మోస్తాయి (హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలన్న లెక్క, అంకె తగ్గేకొద్దీ శబ్దం లోతవుతుంది). ఆరోది ఎల్‌ఎఫ్‌ఈ, అంటే లో ఫ్రీక్వెన్సీ ఎఫెక్ట్స్. డాల్బీ కంపెనీ శబ్ద పద్ధతి డాల్బీ డిజిటల్‌లో దీని హద్దు 120 హెర్ట్జ్. ఆ పైన అందులో ఏమీ ఉండదు. ఉరుము అడుగున ఉండే గుర్రుమనే శబ్దం, పేలుడు మోత, భూకంపం, రాక్షసి అడుగు, ఇవే దాని సరుకు. పూర్తి ఛానెల్ కాదు కాబట్టి ‘ఒకటి’ అని పూర్తి అంకె ఇవ్వలేదు. 1987లో అమెరికాలో ఎస్‌ఎంపీటీఈ (సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం) ఇంజనీర్లు డిజిటల్ సినిమా శబ్దానికి ఎన్ని ఛానెళ్ళు కావాలని తర్జనభర్జన పడుతుంటే, సినిమా హాళ్ళ శబ్దానికి టీహెచ్‌ఎక్స్ ప్రమాణాన్ని తయారుచేసిన టామ్లిన్సన్ హోల్మన్ ‘ఐదు పాయింట్ ఒకటి’ అన్నాడు, ఆ మాట అలా అంటుకుపోయింది. నిక్కచ్చిగా లెక్కేస్తే 120ని 20,000తో భాగించాలి, 0.006 వస్తుంది. ఫైవ్ పాయింట్ జీరో జీరో సిక్స్ హోమ్ థియేటర్ అంటే ఎవడు కొంటాడు చెప్పండి.

అంటే ఎల్‌ఎఫ్‌ఈ అనేది సినిమాలో ఉన్న ఒక ఛానెల్, సబ్‌వూఫర్ అనేది ఇంట్లో ఉన్న ఒక పెట్టె. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

వూఫర్‌ని ఊరి చివర చెరువు అనుకోండి. దానికి రెండు వైపుల నుంచి నీళ్ళొస్తాయి. ఒకటి ఎల్‌ఎఫ్‌ఈ కాలవ, నేరుగా దానికోసమే తవ్వింది. రెండోది పొలాల మీదుగా వచ్చి చేరే నీరు, అంటే మిగతా ఐదు ఛానెళ్ళలోనూ ఉన్న లోతైన శబ్దం, ఆ ఛానెళ్ళ స్పీకర్లు చిన్నవి కాబట్టి మొయ్యలేనిది. దాన్ని రిసీవర్ వేరుచేసి వూఫర్‌లోకి మళ్ళిస్తుంది. లోతు శబ్దాన్నే బేస్ అంటారు, ఈ మళ్ళింపుని బేస్ మేనేజ్‌మెంట్ అంటారు. ఇప్పుడు బావ పాట సంగతికి రండి. మామూలు పాట రెండు ఛానెళ్ళది, స్టీరియో. అందులో ఎల్‌ఎఫ్‌ఈ అనే కాలవే లేదు. ఇక మిగిలింది మళ్ళింపు నీరు. ముందు స్పీకర్లకి ‘లార్జ్’ అని పెడితే "ఇవి ఎంత లోతు శబ్దమైనా మోసేస్తాయి, నువ్వేమీ తియ్యనక్కర్లేదు" అని రిసీవర్‌కి చెప్పినట్టు. అది నమ్మేసి అంతా వాటికే పంపింది. రెండు వైపులా నీళ్ళు ఆగిపోయాక చెరువు ఎండక ఏం చేస్తుంది? సినిమాలో మాత్రం ఎల్‌ఎఫ్‌ఈ ఉంది కాబట్టి ఇల్లు ఊగింది.

‘స్మాల్’ అని పెట్టమంటే బావకి కోపం వచ్చింది. "నడుం దాకా ఉన్న టవర్ స్పీకర్లని పట్టుకుని స్మాల్ అంటావేంట్రా!" నిజమే, ఆ పేర్లు పెట్టినవాడిని తిట్టాలి. అవి సైజు గురించి కాదు, లోతు శబ్దం ఎవరు మొయ్యాలన్న దాని గురించి. టవర్ అయినా సరే ‘స్మాల్’ అని పెట్టి క్రాస్ఓవర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే, ఆ పైది టవర్లూ ఆ కిందిది వూఫరూ పంచుకుంటాయి, టవర్లకి మోత బరువు తగ్గి గొంతులు ఇంకా తేటగా వినిపిస్తాయి. కొన్ని రిసీవర్లలో ‘ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్’ అని ఇంకో ఎంపిక ఉంటుంది, ఒకే బేస్‌ని టవర్లకీ వూఫర్‌కీ ఇద్దరికీ పంపుతుంది. చూడ్డానికి ఉదారంగా ఉంటుంది గానీ రెండు చోట్ల నుంచి ఒకే శబ్దం బయల్దేరి కొన్ని చోట్ల కలిసి ఉబ్బుతుంది, కొన్ని చోట్ల కొట్టుకుపోతుంది. నేనైతే ముట్టుకోను.

సరే, లోతు శబ్దాన్ని ఎలాగూ మళ్ళించుకోగలిగినప్పుడు దానికి విడిగా ఇంకో ఛానెల్ ఎందుకు? ఐదింటిలోనే పెట్టేస్తే పోయేది కదా? దీనికి జవాబు సినిమా హాళ్ళ చరిత్రలో ఉంది, కొంచెం సరదాగా కూడా ఉంటుంది.

1974లో యూనివర్సల్ వాళ్ళు ‘ఎర్త్‌క్వేక్’ సినిమాకి సెన్‌సరౌండ్ అని ఒకటి తెచ్చారు. హాల్లో పెద్ద పెద్ద బేస్ పెట్టెలు దించి, భూకంపం సీను రాగానే కుర్చీలు అదిరేలా మోగించడం. ఇందులో తమాషా ఏంటంటే ఆ మోత సినిమా రీలులో లేదు. రీలు మీద ఉన్నది సంకేతాలు మాత్రమే, "ఇప్పుడు మొదలుపెట్టు, ఇప్పుడు ఆపు" అని. మోతని హాల్లో పెట్టిన యంత్రం అక్కడికక్కడ పుట్టించేది. లాస్ ఏంజెలెస్‌లోని చైనీస్ థియేటర్‌లో సీలింగ్ పెచ్చులు జనం మీద రాలతాయేమోనని కింద వల కట్టారు. ఆ వల కూడా పబ్లిసిటీకి పనికొచ్చిందనుకోండి, అది వేరే కథ. నాలుగైదు సినిమాలు ఆ పద్ధతిలో వచ్చి, ఆ దశాబ్దంతోనే సెన్‌సరౌండ్ కనుమరుగైంది. పెట్టెలు మొయ్యాలి, సీట్లు తియ్యాలి, పక్క హాల్లో ఏ కుటుంబకథా చిత్రమో ఆడుతుంటే అక్కడా దడదడే.

అసలు మార్పు 1977లో ‘స్టార్ వార్స్’తో వచ్చింది. అప్పట్లో 70 ఎంఎం రీలు మీద ఆరు అయస్కాంత ట్రాకులుండేవి, అందులో ఐదు తెర వెనక వరుసగా పెట్టిన ఐదు స్పీకర్లకి, ఒకటి హాలుకి. మన దగ్గర 1986లో కృష్ణ ‘సింహాసనం’ తీసినప్పుడు 70 ఎంఎం అని అంత గొప్పగా చెప్పుకోవడానికి తెర పెద్దదవడంతో పాటు ఆ ఆరు ట్రాకుల శబ్దం కూడా ఒక కారణం. తెర వెనక ఐదు స్పీకర్లు నిజానికి అక్కర్లేదు, మూడు చాలు. మిగిలిపోయిన ఆ రెండు ట్రాకుల్లో డాల్బీ వాళ్ళు లోతు శబ్దం ఒక్కటే నింపారు. దానికి ఇంజనీర్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘బేబీ బూమ్’. మిగతా ట్రాకులు మాటలతో, సంగీతంతో అప్పటికే నిండిపోయి ఉంటే, యుద్ధనౌక తల మీదుగా పోయే మోతకి ఖాళీ దారి దొరికిందన్నమాట. 1979లో ‘అపోకలిప్స్ నౌ’ వచ్చేసరికి తెర మీద మూడు, వెనక రెండు, బేస్‌కి వేరే దారి, అంటే పేరు పెట్టకముందే 5.1 పుట్టేసింది.

ఖాళీ దారి అన్నాను కదా, ఈ వ్యవహారంలో ప్రాణం ఉన్నది ఆ మాటలోనే. మన చెవి లోతు శబ్దం దగ్గర చాలా మొద్దు. 1,000 హెర్ట్జ్ శబ్దమైతే రెండు మూడు డెసిబెల్స్ (శబ్దం జోరుకి కొలత) దగ్గరే లీలగా వినిపించడం మొదలవుతుంది. 100 హెర్ట్జ్‌కి 26 దాకా కావాలి. 40కి 51. 20 హెర్ట్జ్ వినబడీ వినబడకుండా ఉండాలన్నా 78 డెసిబెల్స్ ఉండాలి, అంటే గట్టిగా అరిచే మనిషి గొంతంత బలం పెడితే చెవికి అప్పుడే ‘ఏదో ఉంది’ అనిపిస్తుందన్నమాట. అందుకని ఒక పేలుడు, ఒక కేక మనకి సమానమైన జోరుతో వినబడాలంటే పేలుడు అడుగు శబ్దానికి ఎన్నో రెట్లు బలం పెట్టాలి. డిజిటల్‌లో ప్రతి ఛానెల్‌కీ ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని దాటి పోలేం. మామూలు ఛానెళ్ళకి ఆ కప్పు థియేటర్ ప్రమాణం ప్రకారం 105 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. బేస్‌కి అది చాలదు. అలాగని కప్పు మొత్తం పైకి లేపితే మామూలు మాటలకి వృథా.

దానికి వేసిన ఎత్తు ఇది: ఎల్‌ఎఫ్‌ఈ ఛానెల్‌ని వినిపించేటప్పుడు మిగతావాటి కంటే 10 డెసిబెల్స్ పెంచుతారు, దాంతో దాని కప్పు 115కి చేరుతుంది. ఈ పెంపు పని థియేటర్‌లో వాళ్ళ ప్రాసెసరూ ఇంట్లో మన రిసీవరూ చూసుకుంటాయి, మనం చెయ్యి పెట్టక్కర్లేదు. 10 డెసిబెల్స్ అంటే చిన్నగా కనిపిస్తుంది, ఆంప్లిఫయర్ లెక్కలో అది పది రెట్లు పవర్. 100 వాట్లతో అయ్యే పనికి 1,000 వాట్లు. సబ్‌వూఫర్‌కి సొంత ఆంప్లిఫయర్ లోపలే పెట్టి, సొంత ప్లగ్గు ఇచ్చి అమ్మడానికి ఇదొక కారణం.

అంటే ఎల్‌ఎఫ్‌ఈ పుట్టింది బేస్ కోసం అనడం కంటే, బేస్ తలెత్తుకునేంత జాగా కోసం అనాలి. ఈ తేడా పట్టుకుంటే చాలా సంగతులు వాటంతట అవే విడిపోతాయి. ఉదాహరణకి సంగీతం. పియానో చిట్టచివరి మెట్టు 27.5 హెర్ట్జ్, బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్, రెండూ ఎల్‌ఎఫ్‌ఈ పరిధిలోవే, అయినా వాటిని అందులో పెట్టాల్సిన పని లేదు, మామూలు ఛానెళ్ళే వాటిని హాయిగా మోస్తాయి. సినిమా నేపథ్య సంగీతంలో బేస్ కూడా చాలావరకు ముందు ఛానెళ్ళలోనే ఉంటుంది. సినిమా నడుస్తుండగా ఎల్‌ఎఫ్‌ఈని ఒక్కదాన్నే విడదీసి వినగలిగితే ఆశ్చర్యపోతారు, నిమిషాల తరబడి నిశ్శబ్దం, ఉన్నట్టుండి ఒక్క గుద్దు, మళ్ళీ నిశ్శబ్దం. కానీ ఆ నిశ్శబ్దంలో కూడా వూఫర్ ఖాళీగా లేదు, తలుపు ధడాల్న పడ్డ శబ్దం, లారీ ఇంజన్, తబలా బాయా, ఇవన్నీ మళ్ళింపు దారిన వస్తూనే ఉంటాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 5.1 సినిమాని రెండు స్పీకర్ల టీవీలో చూస్తుంటే ఐదు ఛానెళ్ళని రెండింట్లోకి కుదిస్తారు, ఆ కుదింపులో మామూలుగా ఎల్‌ఎఫ్‌ఈని పూర్తిగా వదిలేస్తారు. చిన్న స్పీకర్లోకి అంత బేస్ తోస్తే పగిలిపోతుంది మరి. అది తెలుసు కాబట్టే మిక్సింగ్ చేసేవాళ్ళు కథకి అవసరమైన శబ్దం ఏదీ ఎల్‌ఎఫ్‌ఈలో ఒక్కదాంట్లోనే పెట్టరు. ఏనుగు అడుగు ‘ధప్’ ముందు ఛానెళ్ళలో ఉంటుంది, దాని అడుగున నేల కదిలిన భావన ఎల్‌ఎఫ్‌ఈలో. ఎల్‌ఎఫ్‌ఈ పోతే ఏనుగు పోదు, బరువు తగ్గుతుంది.

ఇక్కడ డాల్బీకి పోటీగా వచ్చిన డీటీఎస్ గురించి ఒక పిట్టకథ చెప్పాలి, ఎందుకంటే 90ల చివర్లో మన ఊళ్ళలో సినిమా పోస్టర్ మీద హీరో పేరు తర్వాత అంత పెద్ద అక్షరాలు ‘డి.టి.ఎస్’వే ఉండేవి, హాలు ముందు బోర్డు వేరే. 1992లో డాల్బీ డిజిటల్ ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో, 1993లో డీటీఎస్ ‘జురాసిక్ పార్క్’తో థియేటర్లలోకి వచ్చాయి. డాల్బీ తన ఆరు ఛానెళ్ళనీ రీలు మీదే, రంధ్రాల మధ్య జాగాలో అచ్చువేసింది. డీటీఎస్ శబ్దాన్ని సీడీల్లో పెట్టి, రీలు మీద బొమ్మకీ శబ్దానికీ జత కుదిర్చే టైమ్‌కోడ్ మాత్రం ఉంచింది. ఆ సీడీల్లో ఉన్నవి ఐదే ఛానెళ్ళు! ఎల్‌ఎఫ్‌ఈకి విడి ఛానెల్ లేదు. 80 హెర్ట్జ్ కిందున్న లోతు శబ్దాన్ని పక్క స్పీకర్ల ఛానెళ్ళలోనే కలిపేసి, హాల్లో ఫిల్టర్‌తో మళ్ళీ వేరుచేసి సబ్‌వూఫర్‌కి పంపేవారు. ఆ రోజుల్లో మనం కాగితాలు ఎగరేసి ఈలలు వేసింది ఆ ‘పాయింట్ వన్’ లేని పాయింట్ వన్‌కే. తర్వాత ఇంటికి వచ్చిన డీవీడీ డీటీఎస్‌లో మాత్రం ఎల్‌ఎఫ్‌ఈ విడిగానే ఉంటుంది.

ఇక పెట్టె సంగతి. ఆరు ఛానెళ్ళలో బేస్‌కి ఒక్క పెట్టె, అదీ ఏ మూలో పడేసినా ఎందుకు సరిపోతుంది? శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 80 హెర్ట్జ్ అల పొడవు 4.3 మీటర్లు, 20 హెర్ట్జ్‌ది 17 మీటర్లు, అంటే హాలు దాటి పక్కింటి వరండా దాకా ఒక్క అల. మన రెండు చెవుల మధ్య ఉన్నది జానెడు. అంత పెద్ద అల ఎటునుంచి వచ్చిందో ఆ జానెడు తేడాతో మెదడు పోల్చుకోలేదు. 80 హెర్ట్జ్ అన్న గీత అందుకే వచ్చింది, దాని కింద దిక్కు తెలియదు కాబట్టి ఒక్క వూఫర్ ఐదుగురి పనీ చేసినా మనకి అనుమానం రాదు. గీతని పైకి జరిపితే గుట్టు బయటపడుతుంది. అగ్గిపెట్టెల్లాంటి స్పీకర్లతో వచ్చే చవక సెట్లలోనూ కొన్ని సౌండ్‌బార్లలోనూ చిన్న స్పీకర్లు 150, 200 హెర్ట్జ్ కింద ఏమీ మొయ్యలేవు, అదంతా వూఫర్ నెత్తిన పడుతుంది. మగవాళ్ళ గొంతు ఆధార శ్రుతి సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఇక చూస్కోండి, హీరో తెర మీద మాట్లాడుతుంటే గొంతులో సగం సోఫా పక్క నుంచి వస్తుంది.

చిన్న వూఫర్ల మీద నాకు ఇంకో ఫిర్యాదు ఉంది. ఒకే జోరుతో వినిపించాలంటే, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ వూఫర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే శంకువు నాలుగు రెట్లు ఎక్కువ గాలిని తొయ్యాలి. 80 హెర్ట్జ్ నుంచి 20కి దిగితే పదహారు రెట్లు. ఐదంగుళాల వూఫర్‌కి అంత గాలి ఎక్కడి నుంచి వస్తుంది? రాదు. అందుకని తయారుచేసేవాళ్ళు 60, 90 హెర్ట్జ్ మధ్య ఒక మూపురం లేపి పెడతారు, ఏ పాట పెట్టినా ఏ పేలుడు పెట్టినా అదే ఒక్క స్వరంలో ‘బుం బుం’ అంటుంది. షాపులో రెండు నిమిషాలకి బ్రహ్మాండం. ఇంట్లో రెండు గంటలకి తలనొప్పి. మంచి బేస్ అంటే ఎప్పుడూ మోగేది కాదు, చాలాసేపు ఉందో లేదో తెలియకుండా ఉండి, అవసరమైనప్పుడు ఒక్కసారి సోఫా కింద నుంచి వచ్చేది.

అంత ఖర్చుపెట్టి పెద్ద వూఫర్ తెచ్చినా గది ఒప్పుకోవాలి. నిజానికి లోతు శబ్దం దగ్గర మనం వూఫర్‌ని ఎంత వింటామో గదిని అంత వింటాం. మా బావ హాలు 14 అడుగులు పొడవు, 12 వెడల్పు, కప్పు 10 అడుగుల ఎత్తు. పొడవునా అటూ ఇటూ గోడలకి కొట్టుకుని సుమారు 40 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతుంది, వెడల్పున 47 దగ్గర, నేలకీ కప్పుకీ మధ్య 56 దగ్గర. ఆ స్వరాలు వచ్చినప్పుడు గోడ పక్కన కూర్చున్నవాడికి చెవులు గింగిర్లెత్తుతాయి, సరిగ్గా గది నడిమధ్యన కూర్చున్నవాడికి అదే 40 హెర్ట్జ్ దాదాపు మాయమైపోతుంది. ఒకే గది, ఒకే వూఫర్, ఒకే సీను, రెండు కుర్చీలు, రెండు తీర్పులు. "నీ వూఫర్‌లో బేసే లేదు" అన్నవాడూ "చెవులు పోయాయి" అన్నవాడూ ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

అమెరికా వాళ్ళ సలహాలు చదివి ఇక్కడ చేస్తే పూర్తిగా కుదరకపోవడానికి కారణం కూడా గోడలే. అక్కడ చాలా ఇళ్ళలో లోపలి గోడలు చెక్క చట్రం మీద పలకలు కొట్టినవి, లోతు శబ్దానికి కాస్త వంగి కొంత మింగేస్తాయి, కొంత బయటికి పోనిస్తాయి. మనవి ఇటుక, సిమెంటు, పైన కాంక్రీటు శ్లాబు. వంగవు. వచ్చిన అలని వచ్చినట్టే తిప్పికొడతాయి, అందుకే మన గదుల్లో గింగిరుపోవడం ఎక్కువ. దీనికి గుడ్ల అట్టలు అతికించేవాళ్ళనీ, రెండంగుళాల ఫోమ్ కొట్టించేవాళ్ళనీ చూశాను. అవి మాటల ప్రతిధ్వనిని తగ్గిస్తాయేమో గానీ, 40 హెర్ట్జ్ అలలో పావు వంతే రెండు మీటర్ల పైన ఉంటే రెండంగుళాల ఫోమ్ దాన్నేం ఆపుతుంది!

పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది, చూసేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది. వూఫర్‌ని తీసి మీరు కూర్చునే సోఫా మీద పెట్టండి. బేస్ గిటార్ మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉండే పాట ఏదైనా పెట్టి, మీరు నేల మీద పాకుతూ గోడల వెంట తిరగండి. ఏ చోట ప్రతి మెట్టూ ఒకే జోరుతో, ఉబ్బకుండా, మాయమవకుండా వినిపిస్తుందో అక్కడ వూఫర్ పెట్టండి. శబ్దానికి రాకపోకల దారి ఒకటే, అటు నుంచి ఇటు ఎలా వినిపించిందో ఇటు నుంచి అటూ అలాగే వినిపిస్తుంది. మూల జోరు ఎక్కువిస్తుంది, ఎందుకంటే అక్కడ గది స్వరాలన్నీ ఒకేసారి రెచ్చిపోతాయి. జోరు చాలనుకుంటే మూల సుఖమే, తేట కావాలంటే వెతుక్కోవాల్సిందే.

ఒకటికి రెండు వూఫర్లు పెడితే మోత రెట్టింపవుతుందని భయపడతారు గానీ వాటి అసలు లాభం అది కాదు. 2002లో స్పీకర్లు తయారుచేసే హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ ఎన్ని వూఫర్లుంటే చాలో లెక్కలు కట్టి చూపించాడు. పొడవాటి గదిలో ఎదురెదురు గోడల మధ్యన ఒక్కోటి పెడితే ఒకదాని అల ఇంకోదాని గుంటని పూడ్చి, సోఫాలో ఈ చివరున్నవాడికీ ఆ చివరున్నవాడికీ దాదాపు ఒకే శబ్దం వస్తుంది. పెద్దది ఒకటి కొనే డబ్బుతో మధ్యరకంవి రెండు కొనమనే నేనైతే చెబుతాను, ఇంట్లో అంత జాగా ఉంటేనే. రిసీవర్ పెట్టె మీద ‘7.2’ అని ఉంటే అర్థం రెండు వూఫర్లు తగిలించడానికి రెండు సాకెట్లున్నాయని. సినిమాలో రెండు ఎల్‌ఎఫ్‌ఈలున్నాయని కాదు. సినిమాలో మామూలుగా ఒకటే. 2012 నుంచి వస్తున్న డాల్బీ అట్మాస్‌లో కూడా, గాల్లో ఎక్కడంటే అక్కడ తిప్పగల శబ్దాలతో కలిపి 128 ట్రాకులున్నా ఎల్‌ఎఫ్‌ఈ ఒక్కటే. అలా తిరిగే శబ్దాలకి అందులోకి నేరుగా దారి కూడా లేదు, స్థిరంగా ఉండే ఛానెళ్ళ వైపు నుంచే దానికి సరుకు అందాలి. తల మీద తిరిగే హెలికాప్టర్ మోతకి అడుగు బరువు ఎల్‌ఎఫ్‌ఈలో కావాలంటే మిక్సింగ్ చేసేవాడు విడిగా ఇంకో శబ్దం పేర్చాల్సిందే.

సెట్టింగుల్లో జనం తడబడేవి రెండు మూడే. వూఫర్ వెనక కూడా ఒక క్రాస్ఓవర్ నాబ్ ఉంటుంది, దాన్ని ఎక్కువ అంకె వైపు చివరిదాకా తిప్పేయండి, లేదా ‘ఎల్‌ఎఫ్‌ఈ’ అని రాసున్న సాకెట్లో వైరు పెట్టండి. కత్తిరించే పని రిసీవర్ ఎలాగూ చేస్తోంది, ఇద్దరూ కత్తిరిస్తే మధ్యలో గొయ్యి పడుతుంది. రిసీవర్‌లో ‘ఎల్‌ఎఫ్‌ఈ లో పాస్’ అని ఉంటే అది 120 దగ్గరే ఉండనివ్వండి, క్రాస్ఓవర్ 80 పెట్టాను కదా అని దీన్నీ 80కి దించితే సినిమా వాళ్ళు పంపిన సరుకులో పై భాగం పారబోసినట్టే. ఆటోమేటిక్ సెటప్ మైకు పెట్టి కొలిచాక, పది అడుగుల దూరంలో ఉన్న వూఫర్‌ని పదహారు అడుగులని చూపిస్తే తప్పని దిద్దకండి. టేపు పట్టి కొలిచేది కాదది. వూఫర్ లోపలి సర్క్యూట్ శబ్దాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యాన్ని దూరంగా మార్చి చెబుతోంది.

అపార్ట్‌మెంటువాళ్ళ బాధ ఇంకో రకం. రాత్రి వాల్యూమ్ తగ్గిస్తే మాటలు వినబడతాయి, బేస్ మాత్రం ముందే చచ్చిపోతుంది, మళ్ళీ చెవి మొద్దుతనమే కారణం. పాత టేప్‌రికార్డర్ల మీద ‘లౌడ్‌నెస్’ అని ఒక మీట ఉండేది గుర్తుందా, అది ఈ తక్కువని పూడ్చడానికే. ఇప్పటి రిసీవర్లలో అదే పని వేరే పేర్లతో చేస్తున్నారు. అది వేస్తే మనకి హాయి, కింద ఫ్లోర్ వాళ్ళకి కాదు, ఎందుకంటే మాటల్ని గోడలు చాలావరకు ఆపుతాయి, బేస్‌ని ఆపలేవు. వూఫర్ కింద రబ్బరు ప్యాడ్ వేస్తే నేల అదరడం కొంత తగ్గుతుంది గానీ గాల్లో పోయే అలకి ప్యాడ్ అడ్డం కాదు. రాత్రి పదిన్నర తర్వాత వూఫర్ ప్లగ్గు తీసేసి ‘సబ్‌వూఫర్ లేదు’ అని మెనూలో చెప్పడం ఒక్కటే నాకు తెలిసిన మర్యాదైన మార్గం. అలా చెప్పకుండా ఊరికే ప్లగ్గు పీకితే రిసీవర్ ఇంకా ఉందనుకుని బేస్‌ని అటే పంపుతుంటుంది, పాటలో అడుగు ఊడిపోయినట్టుంటుంది.

బావ మర్నాడే స్పీకర్లని ‘స్మాల్’ చేశారు, పాటలకి వూఫర్ లేచి కూర్చుంది. ఆ ఆదివారం నేను వెళ్ళి, వూఫర్‌ని సోఫా ఎక్కించి, ఇద్దరం మోకాళ్ళ మీద హాలంతా పాకాం. అక్క టీ పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అన్నిటికన్నా బాగా వినిపించిన చోటు దొరికింది, సరిగ్గా పూజగది తలుపు ముందు. బావ నా మొహం చూశారు, నేను అక్క మొహం చూశాను. వూఫర్ ఇప్పుడు టీవీకి ఎడమ పక్కన, రెండో మంచి చోటులో ఉంది.